గవర్రాజు గారి రెండో దేశం

అంబాజీపేట కొబ్బరి వర్తక సంఘం అధ్యక్షుడు సలాది గవర్రాజుకి యాభై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా ఒక్క దేశం సరిపోయింది. ఆ ఒక్కదాన్నయినా ఆయన పెద్దగా వాడుకున్నది లేదు. పైన కాశీ, కింద పొల్లాచ్చి కొబ్బరి మార్కెట్టు, మధ్యలో ఉన్నదంతా రైలు కిటికీలోంచి చూశాడు. చూసినంత మేరా చెట్లు సరిగా పెంచడం లేదని ఆయన అభిప్రాయం.

ఒక సోమవారం సంఘం మీటింగు నడుస్తోంది. కురిడీ, అంటే ఎండు కొబ్బరి, ధర పడిపోతున్న సంగతి మీద చర్చ. ఉపాధ్యక్షుడు కడలి ధర్మారావు జేబులోంచి కళ్ళజోడు తీస్తున్నవాడల్లే ముందు ఒక నీలం పాస్‌పోర్టు తీసి బల్లమీద పెట్టాడు. తర్వాత దాని పక్కన ఒక ఆకుపచ్చది పెట్టాడు. దాని మీద బంగారు రంగులో తాబేలు బొమ్మ ఉంది.

"అదేంటండి ధర్మారావు గారూ?" అన్నాడు గవర్రాజు.

"ఏం లేదండి. రెండో దేశం. ఉంటే మంచిదంటున్నారు కదా అని," అన్నాడు ధర్మారావు, వర్షాకాలానికి గొడుగు కొన్న మనిషిలా.

కురిడీ ధర ఆ రోజు ఇంకెవరికీ గుర్తు రాలేదు. పై వారానికల్లా సంఘం అధ్యక్షుడికి "అంతర్జాతీయ స్థాయి" ఉంటే బాగుంటుందని ఇద్దరు ముగ్గురు టీ కొట్టు దగ్గర అనుకున్నట్టు గవర్రాజు చెవిన పడింది. పద్నాలుగేళ్ళుగా ఆ కుర్చీ ఆయనది. కుర్చీ కిందకి నీళ్ళొస్తున్నప్పుడు మనిషి కాళ్ళు పైకి పెట్టుకుంటాడు గానీ బుర్ర పెట్టుకోడు. ఆయన మర్నాడే రాజమహేంద్రవరం బస్సెక్కాడు.

విశ్వపౌర కన్సల్టెన్సీ యజమాని ఫణిరామ్ మే నెలలో కోటు వేసుకుని కూర్చునేవాడు. అందుకోసం గదిలో చలి పుట్టించి ఉంచేవాడు.

"సార్, పౌరసత్వం పుట్టుకతో వస్తుందన్నది పాత తరం అపోహ," అన్నాడు. "పుట్టుకతో వచ్చేవి పుట్టుమచ్చలు. పౌరసత్వం అనేది ఒక ఆస్తి. ఒకే దేశం పెట్టుకుని బతకడం అంటే గుడ్లన్నీ ఒకే తట్టలో పెట్టడం. మీరు సెయింట్ ఒరేలియా జాతీయాభివృద్ధి నిధిలో పెట్టుబడి పెడతారు. ఆ జాతి అభివృద్ధి చెందుతుంది, ఆ ఆనందంలో మిమ్మల్ని తన బిడ్డగా స్వీకరిస్తుంది."

"ఆ దేశం ఎక్కడుందండి?"

ఫణిరామ్ ఫోన్లో ప్రపంచపటం తీసి రెండు వేళ్ళతో సాగదీశాడు. సముద్రం వచ్చింది. ఇంకా సాగదీశాడు. ఇంకా సముద్రమే. చివరికి ఒక చుక్క కనిపించింది. అది అద్దం మీది మరక. కోటు చేతితో తుడిచాక, దాని పక్కనే దేశం బయటపడింది.

గవర్రాజుకి ఇంకా కొంచెం అనుమానంగానే ఉండేది, ఆ రంగుల పుస్తకం చూడకపోతే. పుస్తకం నిండా కొబ్బరిచెట్లు. పర్యాటకులకు ఆ ఫొటోలో ఏం కనిపిస్తుందో గానీ గవర్రాజుకి కనిపించింది ఒకటే. చెట్టుకి మూడేసి గెలలు పండిపోయి, ఎండిపోయి, అలాగే వేలాడుతున్నాయి.

"దింపు తియ్యట్లేదండి వీళ్ళు," అన్నాడు కంగారుగా.

"అంటే సార్?"

"కాయ దింపట్లేదు. నలభై ఐదు రోజులకోసారి దింపాలి కదా. ఎంత కాయ పాడైపోతందో చూడండి. పాపం, దిక్కూ దివాణం లేని దేశమండి ఇది."

ఆ జాలితోనే సంతకం పెట్టేశాడు. మామూలుగా మనిషి దేశానికి సేవ చెయ్యాలనుకుని పౌరుడవుతాడనీ, లేదా పౌరుడయ్యాక సేవ మరిచిపోతాడనీ అంటారు. గవర్రాజు మాత్రం దింపు తీయిద్దామని పౌరుడయ్యాడు. భార్యను కూడా కలిపే ప్యాకేజీ ఒకటుంది. దానికి ఖర్చు ఎక్కువ. రత్నం తుని దాటి ఎప్పుడెళ్ళింది గనక, ఆవిడకి దేశాలెందుకని ఆయన ఒక్కడికే తీసుకున్నాడు. మొత్తం ఎంతయిందో ఆవిడకి చెప్పలేదు, కాబట్టి మనమూ అడగకూడదు.

ప్రమాణ స్వీకారం ఫోన్లోనే జరిగింది. తెల్లచొక్కా, ఇస్త్రీ పంచె, మెడలో కండువాతో గవర్రాజు వరండాలో నిలబడి, ఒరేలియా తీరాలను కాపాడతాననీ, జాతీయ జంతువైన తాబేలును గౌరవిస్తాననీ ఇంగ్లీషులో ముక్కముక్కగా పలికాడు. మూడు వారాల్లో ఆకుపచ్చ పాస్‌పోర్టు వచ్చింది.

రత్నం దాన్ని తడిచెయ్యి తుడుచుకుని పట్టుకుంది. "ఒరేలియా ఏంటండీ, దేశాన్ని పట్టుకుని ఒరే అంటారా?" అంది. తర్వాత, "ఇప్పుడిది ఎందుకు?" అంది.

"నీకు తెలీదు. ఊరుకో," అన్నాడు గవర్రాజు. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆయన పెద్ద విషయాలన్నీ ఆవిడకి వివరించిన పద్ధతి ఇదే.

సంఘం వాళ్ళు ఫ్లెక్సీ కట్టారు. "రెండు దేశాల ముద్దుబిడ్డ" అని రాసి గవర్రాజు బొమ్మ ఒక పక్కా, తాబేలు బొమ్మ ఒక పక్కా వేశారు. దండ వెయ్యడానికి వచ్చిన ధర్మారావు ఆ పాస్‌పోర్టు తీసుకుని, తిరగేసి, మరోసారి తిరగేసి, ఆశ్చర్యపోయాడు.

"లోపల కాయితాలు కూడా ఉన్నాయేంటండి దీన్లో?" అన్నాడు.

"మరి మీదాంట్లో?"

"అది ఉత్త అట్టేనండి. ఊరికే అడగడానికెళ్తే గుర్తుగా ఇచ్చారు. నేను గ్యాసు పుస్తకం పెట్టుకున్నాను."

ఆ మాటకి గవర్రాజు పైకి నవ్వాడు. ఆ రాత్రి అన్నం సయించలేదు. అయినా కుర్చీ తనదేనని సర్దిచెప్పుకున్నాడు.

నెల తిరక్కుండా జిల్లా కేంద్రం నుంచి ఉత్తరం వచ్చింది. పరదేశి సంక్షేమ, పర్యవేక్షణ విభాగం వారు గవర్రాజును వెంటనే హాజరు కమ్మన్నారు. ఆ విభాగానికి పదకొండేళ్ళుగా పరదేశి ఒక్కడూ దొరక్క, ఉన్న ఒక్క అధికారి సుందరశివరావు బల్ల మీద దుమ్ము తానే దులుపుకుని ఎదురుచూస్తున్నాడు. గవర్రాజును చూడగానే లేచి నిలబడి నమస్కారం పెట్టి, "భారతదేశానికి స్వాగతం," అన్నాడు.

"నేను అంబాజీపేట నుంచొచ్చానండి," అన్నాడు గవర్రాజు.

"అది తమ బస. స్వస్థలం ఒరేలియా. ఒక దేశపు పౌరసత్వం ఐచ్ఛికంగా స్వీకరించిన క్షణాన పూర్వపు పౌరసత్వం దానంతట అదే రాలిపోతుంది. దాన్ని ఎవరూ తియ్యనక్కర్లేదు."

"అయ్యో, ఇది రెండోది కదండి. మొదటిది అలాగే ఉంది."

"మొదటిది పోయాక రెండోదాన్ని ఒకటోది అంటాం," అని సుందరశివరావు ఓపిగ్గా చెప్పాడు. "ఇక ఫారం నింపుదాం. భారతదేశంలో ప్రవేశించిన తేదీ?"

గవర్రాజు ఆలోచించాడు. "అరవై మూడులోనండి. శ్రావణ మాసం. అమలాపురం గవర్నమెంటాసుపత్రి."

"ఏ మార్గాన? విమానమా, ఓడా?"

"మా అమ్మ ద్వారానండి."

అధికారి రాసుకున్నాడు. "ప్రవేశించేటప్పుడు వీసా ఉందా?"

"లేదండి. ఒంటి మీద బట్టే లేదు."

సుందరశివరావు కలం కింద పెట్టాడు. ఆయన మొహంలో బాధ నిజంగానే ఉంది. "అంటే అనుమతి లేకుండా ప్రవేశించి యాభై ఎనిమిది సంవత్సరాలుగా గడువు మీరి ఉంటున్నారు. విభాగం చరిత్రలో ఇంత సుదీర్ఘమైన గడువు మీరడం లేదు. ఇతర పరదేశీయులు ఎక్కడి నుంచో వచ్చారు. తమరు ఎక్కడి నుంచీ రాకుండానే పరదేశి అయ్యారు. దీనికి మా దగ్గర కాలమ్ లేదు. వ్యక్తిగతంగా నాకు తమరి మీద ఏ అభిప్రాయమూ లేదు. మా ఇంటి దేవుడికి తమ కొట్టు కాయే కొడతాం. కానీ పది రోజుల్లో దేశం విడిచి వెళ్ళి, సక్రమంగా తిరిగి రావాలి. రాకడ ఉంటేనే ఉనికి ఉంటుంది."

గవర్రాజు మెట్లు దిగుతూనే ఫణిరామ్‌కి ఫోను చేశాడు. ఫణిరామ్ ఏమాత్రం తడుముకోలేదు. "సార్, ఒప్పందం నలభై ఒకటో పేజీ అడుగున ఉంది చూడండి. 'రెండవ అనే మాట వర్ణన నిమిత్తం మాత్రమే.' మేం రెండోది ఇచ్చాం. మొదటిది జాగ్రత్తగా పెట్టుకోవడం తమరి బాధ్యత," అన్నాడు.

నాలుగు విమానాలు మారి, రెండు పూటలు రొట్టెలు తిని, గవర్రాజు తన మాతృదేశంలో దిగాడు. దిగగానే నేలకు దండం పెడదామని వంగాడు. ఒక పెద్దమనిషి పరుగెత్తుకొచ్చి భుజం పట్టుకుని లేపాడు. ఆయన ఒరేలియా పౌరసత్వ శాఖ, చేపల శాఖ, విమానాశ్రయ దీపాల శాఖల మంత్రి. ఆ వేళ విమానం మెట్లు తోసింది కూడా ఆయనే. పౌరసత్వాలు అమ్మీ అమ్మీ ఆయనకి అన్ని భాషల్లోనూ నాలుగేసి ముక్కలు వచ్చాయి. మిగతాది ఇద్దరూ చేతులతో పూర్తి చేసుకున్నారు.

"ఎందుకొచ్చారు?" అన్నాడు మంత్రి భయంగా.

"నేను ఇక్కడి పౌరుణ్ణండి."

"అది సరే. రావడం ఎందుకు? పెట్టుబడి పౌరుడికి పాస్‌పోర్టు మీద హక్కుంది. జాతీయగీతం మీద హక్కుంది. తాబేలును గౌరవించే హక్కుంది. నేల మీద లేదు. ఇక్కడ పుట్టినవాళ్ళం నాలుగు వేలమందిమి. మేం అమ్మిన పౌరులు అరవై ఒక్క వేలు. అందరూ ఒకేసారి వచ్చి నిలబడితే దీవి ఆగదని ఇంజనీరు రాసిచ్చాడు. పౌరులు తమ దేశాన్ని ప్రేమిస్తే ఎక్కడివాళ్ళక్కడ ఉండాలి. ఇదే మా జాతీయ విధానం."

వచ్చిన విమానమే నలభై నిమిషాల్లో తిరిగెళ్తుంది. అందాకా గవర్రాజును గాజు గోడల గదిలో కుర్చీలో కూర్చోబెట్టి, కొబ్బరినీళ్ళు డబ్బాలో ఇచ్చారు. ఆ నీళ్ళు ఇంకేదో దేశం నుంచి వచ్చాయని డబ్బా మీద రాసి ఉంది. గాజు అవతల అవే చెట్లు, అవే గెలలు, ఎండి రాలడానికి సిద్ధంగా.

"దింపు ఎందుకు తియ్యరండి?" అన్నాడు గవర్రాజు ఉండబట్టలేక.

"దింపితే ఫొటోలో ఏముంటుంది?" అన్నాడు మంత్రి. "మీరంతా ఆ ఫొటో చూసే కదా వచ్చింది." తర్వాత పాస్‌పోర్టు మీద, పౌరుడు వచ్చెను, పౌరుడు వెళ్ళెను అని ఒకే ముద్ర వేసి పంపేశాడు.

గవర్రాజు హైదరాబాదులో దిగి, జీవితంలో మొదటిసారి విదేశీయుల వరసలో నిలబడి, ముప్పై రోజుల అనుమతితో ఇల్లు చేరాడు. ఇల్లు అనడం కూడా తప్పే. పన్ను కలిసొస్తుందని ఎప్పుడో రత్నం పేర పెట్టాడు కాబట్టి, కాయితాల ప్రకారం ఆయన శ్రీమతి సలాది వెంకటరత్నం గారింటికి వచ్చిన అతిథి. సంగతంతా విని రత్నం, "తా దూర కంత లేదు మెడకో డోలన్నారట," అని లోపలికెళ్ళి స్నానానికి నీళ్ళు పెట్టింది.

సుందరశివరావు స్వయంగా వచ్చి గేటుకి బోర్డు తగిలించాడు. "ఈ గృహమునందు విదేశీయుడు కలడు." కిందనే నియమాలు. విదేశీయుడు తీరప్రాంత సున్నిత మండలంలో తిరగరాదు. కొబ్బరి మార్కెట్టు ఆ మండలంలోకి వచ్చింది, సంఘం ఆఫీసు కూడా వచ్చింది, పంచాయతీ చావడి అర మీటరు తేడాతో వచ్చింది. వారం తిరక్కుండా సంఘం వాళ్ళు విచారం వ్యక్తం చేసి, ధర్మారావును అధ్యక్షుణ్ణి చేసుకున్నారు. కొబ్బరి దింపు మనుషులు నిచ్చెన భుజానేసుకుని వెళ్తూ గేటు దగ్గర ఆగి, "విదేశీయుడు గారూ, బాగున్నారా?" అని అడిగి మరీ వెళ్ళేవారు. గవర్రాజు కిటికీ మూసుకునేవాడు. ఆయనకి నిజంగా ఏడుపొచ్చేది.

ముప్పై రోజులకోసారి రత్నం ఒక ఫారం నింపి సంతకం చెయ్యాలి. అతిథి ప్రవర్తన ఎట్లున్నది? భోజనము సరిపడుచున్నదా? వచ్చిన పని ఏమి? ఎప్పుడు వెళ్ళును? ఆవిడ సంతకం లేకపోతే విమానం ఎక్కాల్సిందే, ఎక్కితే దించుకునే దేశం లేదు. రెంటికీ చెడ్డ రేవడి అని బళ్ళో చదువుకున్న మాటకి అర్థం గవర్రాజుకి ఇప్పుడు బోధపడింది.

బయటపడే దారి ఒక్కటే ఉందని సుందరశివరావు చెప్పాడు. భారతీయురాలిని పెళ్ళాడిన విదేశీయుడు భర్త హోదాలో మళ్ళీ పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే ఆ పెళ్ళి నిజమైనదేనా, లేక పౌరసత్వం కోసం కుదుర్చుకున్న బూటకమా అన్నది విభాగం తేల్చాలి.

"ముప్పై నాలుగేళ్ళ కిందట అన్నవరం కొండ మీద జరిగిందండి," అన్నాడు గవర్రాజు. "కూతురికి పెళ్ళయి తునిలో ఉంది."

"సంతానం జనాభాకు సాక్ష్యం. వివాహానికి కాదు," అన్నాడు సుందరశివరావు. పెళ్ళి ఆల్బం తిరగేశాడు. వరుడి మొహం మీద బాసికం, పూలు, తలంబ్రాలు. "గుర్తింపు సాధ్యం కాదు" అని రాసుకుని, ఆల్బం మూసి, విచారణ మొదలుపెట్టాడు. గవర్రాజును వీధి అరుగు మీదకి పంపి తలుపు దగ్గరకేశారు.

"అమ్మా, ఈ ఇంట్లో ఉంటున్న విదేశీయుడి పేరు చెప్పండి."

రత్నం నేల చూపులు చూసింది. పెళ్ళయిన మొదటి రోజున అత్తగారు ఆవిడకి రెండు సంగతులు చెప్పింది. పాలు పొంగనియ్యకూడదు. మొగుడి పేరు నోట పలకకూడదు, పలికితే ఆయుష్షు తగ్గుతుంది. పాలు అప్పుడప్పుడూ పొంగాయి. పేరు మాత్రం ఎన్నడూ రాలేదు. రేషను కార్డు దగ్గర కూతురు చెప్పేది, ఆసుపత్రిలో పక్కమంచం వాళ్ళు చెప్పేవారు.

"తెలియదా?" అన్నాడు సుందరశివరావు.

"తెలుసండి."

"మరి చెప్పండి."

"అమ్మవారి పేరు ముందండి, ఏలేవాడు వెనకండి," అంది రత్నం, దారి చూపించినట్టు.

సుందరశివరావు రాసుకున్నాడు. "పొడుపు కథలు చెప్పుచున్నది. సంకేత భాష కావచ్చును. పోనీ, ఆయన్ని ఏమని పిలుస్తారు?"

"ఏవండీ అంటానండి."

"మారుపేరు: ఏవండీ," అని ఆయన కింద గీత గీశాడు. తలుపు అవతల గవర్రాజు ఉండబట్టలేక, "గవర్రాజండీ," అని కేకేశాడు. దానికి సాక్షిని ప్రభావితం చేసినట్టు ఇంకో గీత పడింది. వెళ్ళేముందు ఆయన తేల్చి చెప్పాడు. "అతిథి పేరు ఆతిథ్యమిచ్చువారికి తెలియదు. ఈ లెక్కన ఇది వివాహం కాదు, పరిచయం కూడా కాదు. వచ్చే గురువారం ఆఫీసుకొచ్చి పేరు చెప్పకపోతే అనుమతి పొడిగించడం కుదరదు. ఆ రోజే పంపించెయ్యాలి."

గురువారానికి ఇంకా నాలుగు రోజులుంది. గవర్రాజు రెండు పూటలా బతిమాలాడు. "చెప్పెయ్యి రత్నం. ఆయుష్షు తగ్గితే తగ్గింది. ఎలాగూ ఎక్కడ బతకాలో తెలీట్లేదు," అన్నాడు. ఆవిడ వంటింట్లో పప్పు కడుగుతూ పెదాలు కదిపి చూసుకునేది. గవర్ దాకా వచ్చి ఆగిపోయేది. బుధవారం నాటికి ఒకసారి మొత్తం వచ్చింది. వెంటనే చెంపలేసుకుని, దేవుడి దగ్గర దీపం పెట్టి, ఆయన ఆయుష్షుకి తనది కలపమని దండం పెట్టింది.

గురువారం విభాగంలో గవర్రాజును గోడవార బెంచీ మీద కూర్చోబెట్టారు. రత్నం బల్ల ముందు నిలబడి, కళ్ళు మూసుకుని, "సలాది గవర్రాజు," అంది.

గవర్రాజు బెంచీ మీంచి సగం లేచాడు. సుందరశివరావు మాత్రం తల పంకించాడు. సొరుగులోంచి ఒక పాత జిల్లా దర్శిని తీసి, గుర్తు పెట్టుకున్న పేజీ తెరిచాడు.

"ఈ నాలుగు రోజులూ విభాగం ఊరుకోలేదు. పరిశోధించింది. ఇందులో స్పష్టంగా ఉంది. 'ఈ డెల్టా ప్రాంతపు గృహిణులు భర్త నామమును ఎట్టి పరిస్థితులలోనూ ఉచ్చరింపరు.' తమరు ఉచ్చరించారు. స్పష్టంగా, ఇంటిపేరుతో సహా. కనుక ఈయన తమ భర్త కారు."

"మొన్న చెప్పలేదని కాదన్నారు కదండి," అంది రత్నం.

"మొన్నటి నిర్ణయానికి మొన్నటి ఆధారం. ఇవాళ్టిదానికి ఇవాళ్టిది. రెండు ఆధారాలూ ఒకటే చెబుతున్నాయి. విభాగానికి ఇంత బలమైన కేసు ఎన్నడూ రాలేదు."

రత్నం కొంగు నడుముకి బిగించింది. తర్వాత వెనక్కి తిరిగింది. ముప్పై నాలుగేళ్ళు పప్పులోకీ, పులుసులోకీ దిగమింగిందంతా ఒక్కసారి గొంతుకి వచ్చింది.

"గవర్రాజు గారూ, ఇలా చూడండి," అంది. "తల ఎత్తండి, నేల మీద ఏం లేదు. గేదెను మార్చేటప్పుడు నన్నడిగారు. అల్లుడికి పెట్టే పంచె అంచు ఏ రంగో నన్నడిగారు. కూరలో ఉప్పు తగ్గితే వీధి చివర నుంచి కేకేసి మరీ చెప్పారు. దేశం మార్చేటప్పుడు మాత్రం నేను గుర్తు రాలేదా? ఆ రాజమండ్రీలో ఇచ్చిన కాయితం మీరు బీరువాలో దాచారు. బీరువా సర్దేది నేనేనండి. భార్య అన్నచోట ఏం రాశారు మీరు? వర్తించదు అని రాశారు. నాకు ఇంగ్లీషు రాదనుకున్నారు. మన అమ్మాయిని కూర్చోబెట్టి చదివించినప్పుడు నేనూ నేర్చుకున్నాను. వర్తించదట. మీ అమ్మ మంచాన పడితే మూడేళ్ళు ఎత్తి దించినప్పుడు వర్తించానా? మీ ఒంటి కురిడీ వాసన ముప్పై నాలుగేళ్ళు పక్కన పడుకుని పీల్చినప్పుడు వర్తించానా?"

అక్కడ మొదలుపెట్టి ఆవిడ ఇంకెక్కడా ఆగలేదు. గురక దగ్గరికెళ్ళింది, పెద్దాడపడుచు పెళ్ళి దగ్గరికెళ్ళింది, నెమ్మదిగా తాబేలు దగ్గరికొచ్చింది. తాబేలును గౌరవిస్తానని వరండాలో నిలబడి ప్రమాణం చేసిన మనిషి, తనను గౌరవిస్తానని ఎవరి ముందయినా ఒక్కమాట అన్నాడా అని అడిగింది. గవర్రాజు తల ఎత్తి కూర్చుని అంతా విన్నాడు. ఆయనకి సిగ్గుగా ఉంది. దానితోపాటు, ఎందుకో తెలీదు, హాయిగా కూడా ఉంది. ఊళ్ళో అంతా ప్రెసిడెంటు గారూ అనేవాళ్ళే. అమ్మ పోయాక ఆ పేరు పెట్టి ఇంత గట్టిగా తిట్టినవాళ్ళు లేరు.

సుందరశివరావు మొదట్లో రాసుకున్నాడు. తర్వాత రాయడం మానేసి విన్నాడు. పెద్దాడపడుచు ప్రస్తావన వచ్చినప్పుడు ఆయన కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. ఆయనకూ ఇద్దరు అక్కలున్నారు. రత్నం ఆగి కొంగుతో మొహం తుడుచుకున్నాక, ఆయన ఫైలు తెరిచి కొత్త పేజీలో గట్టిగా చదువుకుంటూ రాశాడు.

"హాజరైన మహిళ అతిథిని ఇరవై రెండు నిముషములు తిట్టినది. అతిథి ఒక్క మాటకూ ఎదురు చెప్పలేదు. లేచి వెళ్ళలేదు. ఈ సందర్భము విభాగాధికారికి స్వానుభవములో ఉన్నది. ఇది వివాహమే."

ముద్ర పడింది. ఆ ముద్ర ప్రకారం, భర్త హోదా కలిగిన విదేశీయుడు ఏడు సంవత్సరాలు దేశం విడవకుండా భార్య ఇంట అతిథిగా మెలిగితే, ఆ పైన దరఖాస్తు పరిశీలిస్తారు. అందాకా ముప్పై రోజులకోసారి ఆవిడ వచ్చి సంతకం పెడుతూ ఉండాలి.

ఆ రోజు నుంచి గవర్రాజు వంటింటి గడప దగ్గర నిలబడి "రావచ్చా?" అని అడిగి లోపలికొస్తున్నాడు. తిన్న కంచం తీస్తున్నాడు. పులుసు బాగుందంటున్నాడు, బాగున్నప్పుడు కూడా. నెలలో ఇరవయ్యో తారీఖు దాటిందంటే కొబ్బరి కూడా తనే కోరి పెడుతున్నాడు. రత్నం ఒకసారి పలికిన పేరు మళ్ళీ మింగలేదు. ఆయుష్షుకేం కాలేదని తేలింది కదా. పొద్దున్నే "గవర్రాజు గారూ, పాలాయనొచ్చాడు," అని ఆవిడ పిలిస్తే నాలుగిళ్ళకి వినిపిస్తోంది.

మొన్న ఐదోసారి పొడిగింపుకి వెళ్ళారు. రత్నం ఫారం బల్ల మీద పెట్టింది. సుందరశివరావు ఉత్సాహంగా ఉన్నాడు. ఆయన విభాగానికి కొత్త సర్క్యులరు వచ్చింది.

"అమ్మా, తమరికి శుభవార్త. ఇకమీదట నెలనెలా శ్రమపడి రానక్కర్లేదు. ఏడేళ్ళకూ కలిపి ఒకే సంతకం పెట్టెయ్యవచ్చు. ఇదిగో, ఇక్కడ."

గవర్రాజు గుండె తేలికపడింది. తనే కలం మూత తీసి రత్నం చేతికి అందించాడు. ఆవిడ కలం తీసుకుంది, కాయితం చూసింది, పక్కకి తిరిగి ఆయన్ని పైనుంచి కిందదాకా ఒకసారి చూసింది.

"వద్దండి. నెలకే రాయండి," అంది. "అడగడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నారు."